హైలురోనిక్ సీరం రాస్తే మొహం ఇంకా బిగుసుకుపోతోంది, పెప్టైడ్ సీరంతో తేడా కనబడటం లేదు. తప్పెక్కడ?

పొడిబారిన_చెంప
ఐదు వారాలుగా రెండు సీరంలు వాడుతున్నాను. పొద్దున హైలురోనిక్ యాసిడ్, రాత్రి పెప్టైడ్. వయసు 36, చర్మం మొదటి నుంచీ పొడి. హైలురోనిక్ రాసిన పది నిమిషాలు మొహం నిగనిగలాడుతుంది. అరగంట తిరిగేసరికి బుగ్గలు బిగుసుకుపోతాయి, నవ్వితే నోటి పక్కన చర్మం లాగుతుంది. రెండు రోజులు మానేస్తే మామూలుగా ఉంది, మళ్లీ మొదలుపెట్టగానే మళ్లీ అదే. తేమ ఇవ్వాల్సిందే తేమ లాగేస్తోందా?

పెప్టైడ్ సీరం కళ్ల చివర గీతల కోసం తీసుకున్నా. రోజూ అద్దంలో వెతుక్కుంటున్నా, ఒక్క గీత కూడా తగ్గలేదు. ఇదంతా ఒట్టి ప్రచారమేనా, లేక నేను వాడే పద్ధతిలో తప్పుందా? రోజంతా ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం నాది, అది కూడా చెబుతున్నా.

నీటిబొట్టు
తడి మొహం మీద రాస్తున్నారా, ఆరిన మొహం మీదా? దాని మీద మాయిశ్చరైజర్ ఏది?

పొడిబారిన_చెంప
తువ్వాలుతో బాగా తుడుచుకుని, పూర్తిగా ఆరాక రాస్తాను. పైన ఇంకేమీ రాయను, సీరమే మాయిశ్చరైజర్ అనుకున్నా. బయటికి వెళ్తే సన్‌స్క్రీన్.

నీటిబొట్టు
సమస్య అక్కడే ఉందండీ. హైలురోనిక్ నీళ్లను పట్టుకుంటుంది, మూత పెట్టదు. మూత పెట్టే పని మాయిశ్చరైజర్‌ది. మొహం తడిగా ఉండగానే సీరం, అది ఆరకముందే పైన క్రీము. ముందు ఒక వారం అలా చేసి చూడండి.

మేఘాల_మీద
నేను విమానంలో క్యాబిన్ సిబ్బందిని. అక్కడ గాలిలో తేమ చాలాసార్లు 20 శాతం కూడా ఉండదు. కొత్తలో ఒట్టి హైలురోనిక్ సీరం పూసుకుని డ్యూటీ ఎక్కేదాన్ని. దిగేసరికి బుగ్గల మీద పొట్టు లేచేది. పొడిగాలిలో అది చర్మం లోపలి నీళ్లనే పైకి లాగేస్తుందని మా సీనియర్ చెప్పింది. అప్పటి నుంచి పైన మందపాటి క్రీము లేకుండా ముట్టుకోను.

బీకర్‌బల్ల
క్రీములు, లోషన్లు తయారుచేసే ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. పరిష్కారం విషయంలో పై ఇద్దరూ చెప్పింది సరైనదే. "లోపలి నీళ్లు లాగేస్తుంది" అన్న కారణం మాత్రం నాకు అంత నమ్మకంగా లేదు.

హైలురోనిక్ పొడి ఎలా ఉంటుందో చెబితే సగం విషయం తెలిసిపోతుంది. తెల్లటి మెత్తటి పొడి. నీళ్లలో ఒక్కసారిగా పోస్తే పైన జిగురు కట్టి, లోపల పొడిగా ఉండే ఉండలు తేలతాయి. కొద్దికొద్దిగా చల్లి గంటల తరబడి నాననివ్వాలి. పెద్ద అణువులున్న రకమైతే 1 శాతానికే గరిట పైకెత్తగానే తీగలా సాగుతుంది. ఆ ద్రావణం ఒక చుక్క వేలి మీద వేసుకుని ఆరనివ్వండి. కాసేపటికి సన్నటి కాగితం అంటించినట్టు వేలు బిగుస్తుంది. మీ చెంప మీద జరిగేదీ అదే. నీళ్లు ఎగిరిపోయాక మిగిలిన పల్చటి పొర ముడుచుకుని చర్మాన్ని పట్టేస్తుంది. చర్మం లోపల నీళ్లు తగ్గాయా లేదా అన్నది వేరే ప్రశ్న. మీకు తెలిసేది ఆ బిగువు.

అందుకే ఎక్కువ శాతం ఉన్న సీరం అంటే మంచి సీరం అని కాదు. చాలా ఫార్ములాల్లో ఇది 1 శాతం లోపే ఉంటుంది, అది చాలు కూడా. ఐదారు చుక్కలు పోసుకునే బదులు రెండు మూడు చాలు.

మేఘాల_మీద
మరి నా బుగ్గల మీద లేచిన పొట్టు సంగతి? అది పొర బిగుసుకోవడం ఒక్కటే అంటే నాకు నమ్మకం కుదరడం లేదు.

బీకర్‌బల్ల
@మేఘాల_మీద మీ అనుభవాన్ని కాదనడం లేదండీ. 20 శాతం తేమ లేని గాలిలో గంటల తరబడి ఉంటే సీరం ఉన్నా లేకపోయినా చర్మం ఎండుతుంది. నీళ్లు పట్టుకునే పదార్థం మాత్రమే రాసి పైన అడ్డు పెట్టకపోతే ఆ నీళ్లూ గాలిలోకే పోతాయి. నేను కాదంటున్నది ఒక్కటే: కిందికి దిగలేనంత పెద్ద అణువు అడుగు పొరల్లోంచి నీళ్లు తోడేస్తుందన్న బొమ్మ. కారణం ఏదైనా మందు మాత్రం ఒకటే, పైన క్రీము.

వెన్నెలవాకిలి
తన బరువుకి వెయ్యి రెట్లు నీళ్లు పట్టుకుంటుందని ప్రతి డబ్బా మీదా రాసి ఉంటుంది కదా? అంత పట్టుకునేది అరగంటలో ఎలా ఆరిపోతుంది?

కెమిస్ట్రీ_మాస్టారు
@వెన్నెలవాకిలి మంచి ప్రశ్న, నా పిల్లలకి ఇచ్చే లెక్కలాంటిదే. 1 గ్రాము హైలురోనిక్‌కి వెయ్యి రెట్లంటే 1 లీటరు నీళ్లు. 1 లీటరులో 1 గ్రాము కలిపితే వచ్చేది 0.1 శాతం ద్రావణం. కాస్త చిక్కగా ఉంటుంది కానీ గ్లాసు వంచితే కారిపోతుంది. అంటే అణువు ఆ నీళ్లన్నింటినీ కట్టేసి పట్టుకోలేదు, నీళ్లలో విచ్చుకుని చాలా చోటు ఆక్రమించింది, అంతే. చోటు ఆక్రమించడం వేరు, వదలకుండా పట్టుకోవడం వేరు.

ఇంకో సంగతి. సీరంలో ఎక్కువ భాగం నీళ్లే. సీసాలోంచి బయటికొచ్చేటప్పటికే ఆ అణువు నీళ్లతో నిండి ఉంది. గాలిలోంచి కొత్తగా వెయ్యి రెట్లు లాక్కునే పరిస్థితి అప్పటికే లేదు.

నెమ్మది_నెమ్మది
ఈ లెక్క ఎప్పుడో చెప్పి ఉంటే నా అలమర సగం ఖాళీగా ఉండేది మాస్టారూ.

గడ్డంగీత
పేరులో యాసిడ్ ఉంది, మొహం మండదా? రోజూ గడ్డం గీసుకుంటాను, చర్మం మామూలుగానే ఎర్రగా ఉంటుంది. మా ఆవిడ రాసుకోమంటోంది, నాకు బ్యాటరీ యాసిడ్ గుర్తొచ్చి చెయ్యి వెనక్కి వెళ్తోంది.

కెమిస్ట్రీ_మాస్టారు
@గడ్డంగీత భయం లేదు. ఇది చర్మం పొరలు ఊడదీసే గ్లైకాలిక్, శాలిసిలిక్ లాంటిది కాదు. రెండు చక్కెర ముక్కలు జంటగా, అదే జంట వేల సార్లు వరసగా గొలుసు కట్టిన పదార్థం. ఆ జంటలో ఒకటి గ్లుకురోనిక్ యాసిడ్, పేరులోకి యాసిడ్ వచ్చింది దాన్నుంచే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆవు కంటి లోపల ఉండే గాజులాంటి జిగురులోంచి దీన్ని వేరు చేశారు. గ్రీకులో హైలోస్ అంటే గాజు. మీ కంట్లో, మోకాలి కీలులో, చర్మంలో పుట్టుక నుంచీ ఉన్నదే. 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 15 గ్రాములుంటుంది, అందులో మూడో వంతు రోజూ కరిగి మళ్లీ తయారవుతుంది.

గడ్డంగీత
కంట్లో ఉండేదే అయితే సరే. మా ఆవిడ మాట నెగ్గింది.

బీకర్‌బల్ల
@గడ్డంగీత గడ్డం గీసిన వెంటనే మంట పుడితే అనుమానించాల్సింది హైలురోనిక్‌ని కాదు, పరిమళాన్ని, ఆల్కహాల్‌ని. లేబుల్ మీద ఆ రెండూ లేనిది చూసుకోండి. ఇప్పుడు దీన్ని ఎక్కువగా బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తున్నారు. ఒకప్పుడు కోడిపుంజు తలమీది ఎర్ర తురాయి నుంచి తీసేవాళ్లు.

నిద్రలేని_తల్లి
నాది వేరే గొడవ. సీరం, క్రీము, సన్‌స్క్రీన్ వరసగా రాస్తే వేలి కింద రబ్బరు ముక్కతో చెరిపినట్టు సన్న సన్న నలుసులు లేస్తాయి. దవడ దగ్గర మరీ ఎక్కువ. మొహం కడిగి మళ్లీ మొదలుపెట్టే టైమ్ నాకు లేదు, పిల్ల లేచిపోతుంది.

బీకర్‌బల్ల
@నిద్రలేని_తల్లి ఆ జిగురు పొర సరిగ్గా సర్దుకోకముందే పైన సిలికోన్ ఉన్న సన్‌స్క్రీన్ రుద్దితే రెండూ కలిసి ఉండలు కడతాయి. సీరం తగ్గించండి, రెండు చుక్కలు మొత్తం మొహానికి చాలు. క్రీము రాశాక పళ్లు తోముకోవడమో, జడ వేసుకోవడమో ఏదో ఒక పని చేసుకుని, సన్‌స్క్రీన్ రుద్దకుండా అద్దండి. అప్పటికీ లేస్తే పొద్దున సీరం వదిలేయండి. నలుసులతో పాటు సన్‌స్క్రీన్ కూడా ఊడిపోతుంది, అది పోవడమే అసలు నష్టం.

నిద్రలేని_తల్లి
పిల్లకి పాలిస్తున్నాను, ఈ రెండు సీరంలూ వాడొచ్చా?

చర్మవైద్యం_పీజీ
@నిద్రలేని_తల్లి పైపైన రాసే హైలురోనిక్, మామూలు పెప్టైడ్ సీరంలతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. దూరం పెట్టాల్సింది రెటినాయిడ్లు (విటమిన్ ఎ జాతి పదార్థాలు), ముఖ్యంగా గర్భంతో ఉన్నప్పుడు. కొన్ని యాంటీ ఏజింగ్ సీరంలలో పెప్టైడ్‌తో పాటు రెటినాల్ అనే రెటినాయిడ్ కూడా కలిపి ఉంటుంది, డబ్బా ముందువైపు పెప్టైడ్ అని ఒక్కటే పెద్దక్షరాల్లో రాస్తారు. వెనక పూర్తి జాబితా చదవండి, ఫోటో తీసి మీ డాక్టరుకి చూపించండి.

వెన్నెలవాకిలి
నాకు హైలురోనిక్ వల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి, నాలుగో రోజుకి చిన్న చిన్న పొక్కులు. ఇది పడనివాళ్లంటూ ఎవరూ లేరని అందరూ చెబుతుంటే నా చర్మమే చెడ్డదనుకున్నా. తరవాత ఇంకో సీరం వాడితే ఏమీ కాలేదు. రెండింటిలోనూ హైలురోనిక్ అనే ఉంది. తేడా ఏమిటో ఇప్పటికీ తెలియలేదు.

చర్మవైద్యం_పీజీ
@వెన్నెలవాకిలి మీ చర్మం చెడ్డదేమీ కాదు. రెండు కారణాలుండొచ్చు. ఒకటి, సీరంలో ఉన్న ప్రిజర్వేటివ్, పరిమళం, ఇంకేదైనా. హైలురోనిక్‌కే అలర్జీ రావడం చాలా అరుదు. రెండోది అణువు సైజు. ఒంట్లో గాయమైనప్పుడు హైలురోనిక్ గొలుసులు తెగి చిన్న ముక్కలవుతాయి. ఆ ముక్కల్ని రోగనిరోధక కణాలు ప్రమాద సంకేతంగా చదువుకుంటాయి. పెద్ద గొలుసులు శాంతపరిచేవి, చిన్న ముక్కలు కొన్నిసార్లు మంటను రేపేవి. బాగా చిన్న ముక్కలతో చేసిన సీరం కొందరికి పడకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. లేబుల్ మీద హైడ్రొలైజ్డ్ హైలురోనిక్ యాసిడ్ అని ఉంటే చిన్న ముక్కలని అర్థం. సోడియం హైలురోనేట్ అంటే దాని ఉప్పు రూపం, ఆ పేరుని బట్టి సైజు తెలియదు.

వెన్నెలవాకిలి
ఇప్పుడే వెళ్లి పాత డబ్బా చూశా. హైడ్రొలైజ్డ్ అని ఉంది, మూడో పేరే అది. కొత్తదాంట్లో ఒట్టి సోడియం హైలురోనేట్. రెండేళ్ల నుంచి ఉన్న సందేహం.

నెమ్మది_నెమ్మది
చిన్న ముక్కలైతే లోపలికి దిగుతాయి, అందుకే మంచివని కదా అమ్ముతున్నారు?

చర్మవైద్యం_పీజీ
@నెమ్మది_నెమ్మది చర్మం పై పొర దాటాలంటే అణువు 500 డాల్టన్ల (అణువు బరువుకి కొలమానం) లోపు ఉండాలని ఒక మోటు లెక్క ఉంది. మామూలు హైలురోనిక్ పది లక్షల డాల్టన్లు, అంతకన్నా పెద్దది కూడా. చిన్నది అని అమ్మేవాటిలో 50 వేలది ఒకటి. అంటే ఆ "చిన్నది" కూడా మన గీత కన్నా వంద రెట్లు పెద్దది. కొంత దిగుతుందని చూపించిన ప్రయోగాలున్నాయి, అడుగు వరకూ వెళ్లి అక్కడ ఖాళీలు నింపుతుందని చెప్పడం మాత్రం అతి.

2011లో వచ్చిన ఒక అధ్యయనం నాకు నచ్చుతుంది. 76 మంది ఆడవాళ్లు, 0.1 శాతం హైలురోనిక్ క్రీము, అయిదు వేరువేరు సైజులు, కంటి చుట్టూ 60 రోజులు. తేమ, సాగే గుణం అన్ని సైజులతోనూ మెరుగుపడ్డాయి. ముడతల లోతు చెప్పుకోదగ్గంత తగ్గింది 50 వేలు, 1 లక్షా 30 వేల డాల్టన్ల క్రీములతోనే. 0.1 శాతంతో, క్రీము రూపంలో వచ్చిన ఫలితం అది. 2 శాతం సీరం కోసం వెంపర్లాడక్కర్లేదు.

బీకర్‌బల్ల
గ్లిజరిన్ గురించి ఎవరూ ఎత్తలేదు, అది నాకు బాధగా ఉంది. దాని బరువు 92 డాల్టన్లు. హాయిగా పై పొరలోకి దిగుతుంది, గంటల తరబడి నీళ్లను పట్టుకుంటుంది, ఎవరికీ పెద్దగా అలర్జీ రాదు. జిగటగా ఉంటుందన్న ఒక్క వంకతో దాన్ని వెనక వరసలో కూర్చోబెట్టారు. మీ హైలురోనిక్ సీరం లేబుల్ తిప్పి చూడండి, నీళ్ల తరవాత రెండో పేరు చాలావాటిలో గ్లిజరినే. పని ఎక్కువ చేసేది అది, పేరు కొట్టేసేది ఇంకొకటి.

మేఘాల_మీద
మా సీనియర్ పూసుకునేది గ్లిజరిన్ లోషనే! ఆవిడకి 50 దాటాయి, చర్మం చూస్తే అలా అనిపించదు.

పొడిబారిన_చెంప
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. నా సీరంలో కూడా రెండోది గ్లిజరిన్, ఆ తరవాత ఏదో గమ్, ఆ తరవాత ఎక్కడో సోడియం హైలురోనేట్. రేపటి నుంచి తడి మొహం, రెండు చుక్కలు, పైన క్రీము. పెప్టైడ్ సంగతి కూడా ఎవరైనా చెబుతారా? నా డబ్బా మీద పామిటాయిల్ పెంటాపెప్టైడ్-4, ఎసిటైల్ హెక్సాపెప్టైడ్-8 అని రెండు పేర్లున్నాయి. జాబితాలో చిట్టచివర. అంత చివర ఉన్నవి పని చేస్తాయా?

నెమ్మది_నెమ్మది
జాబితా చివర ఉంటే పేరుకి వేసినట్టే. మోసం. ఇంకేమీ ఆలోచించకండి.

బీకర్‌బల్ల
@నెమ్మది_నెమ్మది ఇక్కడ మీతో ఒప్పుకోను. జాబితాలో 1 శాతం దాకా ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. 1 శాతం కన్నా తక్కువున్నవాటిని ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను చాలాచోట్ల 1 శాతానికి మించి వేయనివ్వరు. కాబట్టి లేబుల్‌లో అది కనబడిందంటే, దాని తరవాత వచ్చేవన్నీ 1 శాతం లోపే అని గుర్తు. విటమిన్ సి గానీ నియాసినమైడ్ గానీ ఆ గీత కింద ఉంటే నేనూ పక్కన పెట్టేస్తా. పెప్టైడ్లకి మాత్రం ఆ లెక్క పనికిరాదు. అవి మిలియన్‌లో కొన్ని భాగాల మోతాదులోనే వాడేవి. చివర ఉండటం సహజం.

చర్మవైద్యం_పీజీ
పెప్టైడ్ అంటే కొన్ని అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న గొలుసు. అంత తక్కువ మోతాదుకి పక్కా ఉదాహరణ ఉంది. పామిటాయిల్ పెంటాపెప్టైడ్-4ని మ్యాట్రిక్సిల్ పేరుతో అమ్ముతారు. కొలాజెన్ (చర్మాన్ని బిగువుగా నిలబెట్టే ప్రొటీన్) తెగినప్పుడు వచ్చే అయిదు అమైనో ఆమ్లాల ముక్కకి, చర్మంలోకి దిగడం కోసం ఒక కొవ్వు తోక తగిలించారు. ఆ ముక్క కనబడితే కణాలు "కొలాజెన్ విరిగింది, కొత్తది కట్టాలి" అనుకుంటాయన్నది ఊహ. 2005లో 93 మంది ఆడవాళ్ల మీద, మొహంలో ఒక పక్క పెప్టైడ్ ఉన్న క్రీము, ఇంకో పక్క అదే క్రీము పెప్టైడ్ లేకుండా, 12 వారాలు రాయించారు. మోతాదు మిలియన్‌లో 3 భాగాలు, అంటే 0.0003 శాతం. సన్న గీతల్లో తేడా వచ్చింది.

తేడా చిన్నదే. అధ్యయనం చేసింది ఆ పెప్టైడ్‌తో క్రీములు అమ్మే కంపెనీవాళ్లే. ఈ రెండూ మనసులో పెట్టుకోవాలి. కానీ "ఏమీ లేదు" అనడం తప్పు. మీకు ఐదు వారాలే అయింది, 12 వారాల పరీక్షకి సగం దారి కూడా రాలేదు.

నెమ్మది_నెమ్మది
సరే, పెప్టైడ్ మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నా. హెక్సాపెప్టైడ్ సంగతేంటి? సీసాలో బొటాక్స్ అని అమ్ముతున్నారు, దాని మీద మాత్రం తగ్గను.

చర్మవైద్యం_పీజీ
@నెమ్మది_నెమ్మది దాని మీద తగ్గక్కర్లేదు. ఆర్జిరెలిన్ అని దాని వ్యాపార పేరు. కండరానికి సంకేతం చేరవేసే చోట స్నాప్-25 అనే ప్రొటీన్ ఉంటుంది, దాని ఒక కొసలోని ముక్కని పోలి ఉండేలా దీన్ని తయారుచేశారు. కండరాన్ని సడలించి ముడతలు తగ్గించే బొటులినమ్ ఇంజెక్షన్ (బొటాక్స్) పని చేసేదీ ఆ ప్రొటీన్ మీదే, పోలిక వచ్చింది అక్కడినుంచే. ఇంజెక్షన్‌లో సూది నేరుగా కండరం దాకా వెళ్తుంది. ఇది సుమారు 890 డాల్టన్ల అణువు, పై పొర దాటడానికే కష్టపడుతుంది, కండరం ఇంకా చాలా కింద ఉంటుంది. సన్న గీతలు కాస్త తగ్గినట్టు కొన్ని చిన్న అధ్యయనాలున్నాయి. ఇంజెక్షన్‌తో పోల్చి అమ్మడం మాత్రం అన్యాయం.

కనుబొమ్మల_రాణి
నేను నీలం రంగు కాపర్ పెప్టైడ్ వాడుతున్నా. పొద్దున విటమిన్ సి తరవాత వెంటనే అదే రాస్తున్నా, పర్వాలేదా?

కెమిస్ట్రీ_మాస్టారు
@కనుబొమ్మల_రాణి విడగొట్టండి. రాగి అయాన్ విటమిన్ సి త్వరగా ఆక్సీకరణ అయ్యేలా చేస్తుంది. ఆస్కార్బిక్ యాసిడ్ సీరం బాగా ఆమ్లంగా కూడా ఉంటుంది, ఆ ఆమ్లం పెప్టైడ్ నుంచి రాగిని ఊడదీయగలదు. రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. పొద్దున సి, రాత్రి కాపర్ పెప్టైడ్.

ఆ కాపర్ పెప్టైడ్‌లో ఉండే జీహెచ్‌కే అనే పెప్టైడ్ కథ మాత్రం నాకు ఇష్టం. 1973లో లోరెన్ పికార్ట్ మనిషి ప్లాస్మాలో కనిపెట్టాడు. మూడే మూడు అమైనో ఆమ్లాలు: గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్. రాగిని గట్టిగా పట్టుకుంటుంది, నీలం రంగు ఆ రాగిదే. 20 ఏళ్ల వయసులో రక్తంలో మిల్లీలీటరుకు 200 నానోగ్రాములు ఉండేది, 60 ఏళ్లకి 80కి పడిపోతుంది.

కనుబొమ్మల_రాణి
ఈ రాత్రి నుంచే మారుస్తా. ఇంకోటి. కాపర్ పెప్టైడ్ పొడిని నీళ్లలో కలిపి ఇంజెక్షన్ చేసుకుంటే సీరం కన్నా బాగా పనిచేస్తుందని నా స్నేహితురాలు మొదలుపెట్టింది. ఆన్‌లైన్‌లో చిన్న సీసాల్లో వస్తున్నాయట. నన్నూ రమ్మంటోంది.

చర్మవైద్యం_పీజీ
@కనుబొమ్మల_రాణి వద్దు. దయచేసి ఆమెని కూడా ఆపండి. ఆ సీసాల మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉందేమో చూడమనండి. అలా ఉంటే మనుషులకి ఇవ్వడానికి ఎవరూ పరీక్షించలేదనే. లోపల ఉన్నది అదేనా, ఎంత ఉంది, సూక్ష్మజీవులు లేకుండా ఉందా, ఏదీ ఎవరూ హామీ ఇవ్వరు. చర్మం మీద రాసేదాంట్లో తప్పు జరిగితే కడిగేసుకోవచ్చు. ఒంట్లోకి ఎక్కించినదాన్ని కడగలేం.

సూది లేకుండా గాలి ఒత్తిడితో హైలురోనిక్‌ను పెదాల్లోకి కొట్టే పెన్‌లు కూడా వస్తున్నాయి. వాటి మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021 అక్టోబరులోనే హెచ్చరించింది. ఫిల్లర్ (అలా చర్మం కింద నింపే జిగురు) తప్పుచోట పడి రక్తనాళం మూసుకుపోతే చర్మం చచ్చిపోవచ్చు, కంటి దగ్గర అయితే చూపే పోవచ్చు. డాక్టరు దగ్గరైతే హైలురోనిక్ ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ చేతిలో ఉంటుంది. ఇంట్లో అద్దం ముందు అది ఉండదు.

నీటిబొట్టు
ఇంట్లో ముళ్ల రోలర్ తిప్పి, దాని మీద సీరం పోసుకునేవాళ్లకి కూడా చెప్పండి. మా చెల్లి అలాగే చేసి నుదుటి మీద గట్టి గడ్డలు తెచ్చుకుంది. నెలల తరబడి చికిత్స.

చర్మవైద్యం_పీజీ
@నీటిబొట్టు అవును. అలా మొహం మీద గ్రాన్యులోమాలు (అలాంటి గట్టి గడ్డలు) వచ్చిన కేసులు 2014లోనే వైద్య పత్రికలో వచ్చాయి. చర్మం పైన రాయడానికి చేసిన సీరం చిల్లుల్లోంచి లోపలికి వెళ్లడానికి చేసింది కాదు. మీ చెల్లి ఇప్పుడు ఎలా ఉన్నారు?

నీటిబొట్టు
తగ్గిందండీ. ఒక మచ్చ మిగిలింది. రోలర్ బయట పడేశాం.

గడ్డంగీత
ఒక మాట. గీతలు తగ్గాలంటే ఇవన్నీ కాక అసలు గట్టి ఆధారం ఉన్నదేది? ఒకటే కొనాలంటే?

చర్మవైద్యం_పీజీ
@గడ్డంగీత సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నంబూర్‌లో 55 ఏళ్ల లోపు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. రోజూ రాసుకోమన్న గుంపులో, ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్న గుంపు కన్నా చర్మం ముదరడం 24 శాతం తక్కువ. 2013లో వచ్చింది. ఆ తరవాత డాక్టరు సలహాతో ట్రెటినాయిన్ అనే రెటినాయిడ్ మందు. పెప్టైడ్లు ఆ రెండింటి పక్కన నిలబడేవి కావు, రెటినాయిడ్ పడనివాళ్లకి ఒక మెత్తటి దారి.

@పొడిబారిన_చెంప మీరు బయటికి వెళ్తేనే సన్‌స్క్రీన్ అన్నారు. మీ ఆఫీసులో కుర్చీ కిటికీ పక్కనా?

పొడిబారిన_చెంప
కిటికీ పక్కనే. ఎడమ వైపు. ఇప్పుడు మీరడిగాక చూస్తే ఎడమ కంటి చివరే గీతలు ఎక్కువ.

చర్మవైద్యం_పీజీ
ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, యూవీఏ లోపలికి వస్తుంది. చర్మాన్ని ముదిరించడంలో దానిదే పెద్ద చెయ్యి. ఆఫీసుకి కూడా రాసుకోండి.

బీకర్‌బల్ల
@పొడిబారిన_చెంప ఓపిక ఉంటే ఒక పని చేయండి. కుడి చెంపకి సీరం మీద క్రీము, ఎడమ చెంపకి ఒట్టి క్రీము. మిగతావన్నీ రెండు పక్కలా ఒకేలా. మూడు వారాలు. ఇంట్లోవాళ్లకి చెప్పకుండా ఏ చెంప మెత్తగా ఉందో అడగండి. మేం ల్యాబ్‌లో చేసేదీ ఇలాంటిదే.

పొడిబారిన_చెంప
మూడు వారాలు దాటి నాలుగు రోజులైంది. చెప్పడానికి వచ్చా.

తడి మొహం మీద రాసి వెంటనే క్రీము పెట్టడం మొదలుపెట్టిన రెండో రోజుకే బిగువు పోయింది. చెంపల పరీక్ష కూడా చేశాను. పొద్దున క్రీము రాసిన వెంటనే కుడి చెంప కాస్త నునుపుగా, చెయ్యి జారేలా ఉండేది. మధ్యాహ్నానికి నాకే తేడా తెలిసేది కాదు. అక్కని అడిగితే ఒకరోజు కుడి అంది, రెండు రోజులు ఎడమ అంది. మా అబ్బాయి రెండూ ఒకటే అన్నాడు. అంటే నాకు పని చేసింది క్రీమే. సీసాలో ఉన్నంత వాడేస్తాను, పొద్దుట ఆ నునుపు బాగుంటుంది. అయిపోయాక మళ్లీ కొనను. క్రీములో గ్లిజరిన్ మూడో పేరు, ఇప్పుడు లేబుల్ చదవడం వచ్చింది.

పెప్టైడ్‌కి ఎనిమిది వారాలు నిండాయి. గీతలు తగ్గాయో, తగ్గాయని నేను అనుకుంటున్నానో తేల్చుకోలేకపోతున్నా. 12 వారాలు పూర్తి చేస్తాను.

మేఘాల_మీద
మీ అబ్బాయి మాట ఫైనల్. నేనూ ఈసారి డ్యూటీకి ఒక చెంప అలా వదిలి చూస్తా.

బీకర్‌బల్ల
@పొడిబారిన_చెంప అద్దాన్ని నమ్మకండి, రోజూ చూసే మొహంలో మార్పు తెలియదు. ఫోటో తీయండి. అదే కిటికీ, అదే టైమ్, మొహం కడిగి ఏమీ రాయకముందు, నవ్వకుండా ఒకటి, కళ్లు చికిలించి ఒకటి. మొదట్లో తీసినవి ఏమైనా ఉన్నాయా?

పొడిబారిన_చెంప
సీరం మొదలుపెట్టడానికి వారం ముందు ఐడీ కార్డు కోసం ఆఫీసులో నా కుర్చీ దగ్గరే తీసింది ఒకటి ఉంది, పొద్దున పదింటికి. కిటికీ అదే. 12 వారాలు నిండిన రోజు అక్కడే కూర్చుని ఇంకోటి తీసి, రెండూ పక్కపక్కన పెడతాను.